పన్నెండు నెలల కాపురం... కాగితాల మీద ఏదీ?

పెళ్లి కాని జంటకూ కెనడా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తుంది. ఇంట్లో తెలియకూడదని దాచిన చిరునామాలే అక్కడ అడ్డం తిరుగుతున్నాయి

ఓ జంటను ఊహించుకోండి. హోసూరు అమ్మాయి, బళ్లారి అబ్బాయి. రెండిళ్లలోనూ మాట్లాడేది తెలుగే, కులాలు మాత్రం వేరు. బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా కలిశారు. ఒకే ఫ్లాట్‌లో ఏడాదికి పైగా కాపురం ఉన్నారు. అమ్మాయికి కెనడాలో రెండేళ్ల మాస్టర్స్‌లో సీటొచ్చింది, వెళ్లింది. ఇప్పుడు అబ్బాయిని కూడా రప్పించుకోవాలి. పెళ్లా... ఇంకా కాలేదు. కాకపోయినా ఫర్వాలేదని కెనడా చట్టమే అంటోంది. ఏడాది పాటు కలిసి కాపురం చేసినట్టు చూపిస్తే చాలు, భార్యాభర్తలతో సమానంగా లెక్కలోకి తీసుకుంటుంది.

చూపించాల్సి వచ్చేసరికే అసలు చిక్కు మొదలవుతుంది. ఫ్లాట్ అగ్రిమెంటు అబ్బాయి ఒక్కడి పేరు మీదే ఉంది. అమ్మాయి ఆధార్‌లో చిరునామా హోసూరులోని పుట్టింటిది. బ్యాంకు ఉత్తరాలు లేడీస్ హాస్టల్‌కు వెళ్లేవి. ఇంట్లోవాళ్లు అడిగితే చెప్పుకోవడానికి ఆ హాస్టల్ బెడ్డు కూడా కొన్నాళ్లు వదులుకోలేదు. ఇంటి ఓనరుకు 'మేం భార్యాభర్తలం' అని చెప్పారు. అమ్మానాన్నలకు 'ఫ్రెండ్స్‌తో ఉంటున్నా' అని చెప్పారు. స్టడీ పర్మిట్ దరఖాస్తులో 'సింగిల్' అని నింపారు. ఒకే ఏడాదికి మూడు కథలు. ఇక నాలుగోది కెనడా అధికారికి చెప్పాలి. నిజానికి అదొక్కటే నిజం. కాగితాలేమో మిగతా మూడింటి తరఫునే సాక్ష్యం పలుకుతున్నాయి.

వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్లి చేయమన్నారు మన పెద్దలు. కెనడా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. ఒక్క అబద్ధం దొరికినా నిజం కాపురం కూడా అనుమానంలో పడుతుంది.

ఎవరికి వస్తుందీ పర్మిట్?

ఓపెన్ వర్క్ పర్మిట్ అంటే ఫలానా కంపెనీలోనే పనిచేయాలన్న కట్టుబాటు లేని అనుమతి. భాగస్వామి చదువు మీదో, ఉద్యోగం మీదో ఆధారపడి వస్తుంది. భార్యకు, భర్తకు ఎలా ఇస్తారో 'కామన్ లా పార్ట్‌నర్'కూ అలాగే ఇస్తారు. మన పేపర్ల భాషలో చెప్పాలంటే సహజీవన భాగస్వామి అన్నమాట.

ఒకప్పుడు ఇది చాలామందికి అందేది. ఇప్పుడు గేటు ఇరుకైంది. 2024 ఏప్రిల్ 30 నుంచి విద్యార్థుల భాగస్వాముల విషయంలో బిగింపు మొదలైంది. 2025 జనవరి 21 నుంచి మరింత బిగించారు. విద్యార్థి అయితే కనీసం 16 నెలల మాస్టర్స్ గానీ, డాక్టరేట్ గానీ, నర్సింగ్, ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం వంటి ఎంపిక చేసిన ప్రొఫెషనల్ కోర్సుల్లో ఏదో ఒకటి గానీ చదువుతుండాలి. మామూలు కాలేజీ డిప్లొమా చదివేవారి భాగస్వామికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఉద్యోగి అయితే ఆ ఉద్యోగం ఏ మెట్టు మీద ఉందో చూస్తారు. కెనడా ఉద్యోగాలను 'టీర్' పేరుతో 0 నుంచి 5 దాకా మెట్లుగా విడగొట్టింది. మేనేజర్లు 0. డిగ్రీ అవసరమయ్యే కొలువులు 1. ఈ రెండు మెట్ల వాళ్ల భాగస్వాములకు అవకాశం ఉంది. 2, 3 మెట్లలో మాత్రం ఆరోగ్యం, నిర్మాణం, విద్య, సైన్సు వంటి కొన్ని రంగాలవారికే. సూపర్ మార్కెట్ క్యాషియర్ ఉద్యోగం అయిదో మెట్టు, అక్కడ అడగడమే దండగ. పైగా భాగస్వామి దరఖాస్తు పెట్టే రోజుకు ఉద్యోగి వర్క్ పర్మిట్‌లో కనీసం 16 నెలల గడువు మిగిలి ఉండాలి. ఫ్రీ ట్రేడ్ ఒప్పందాల కింద వెళ్లినవారికి, శాశ్వత నివాసం దారిలో ఉన్నవారికి లెక్క వేరు.

ఈ అర్హతల వడపోత దాటాకే 'మీరిద్దరూ నిజంగా జంటేనా' అన్న ప్రశ్న వస్తుంది. చాలామంది ముందు కాపురం రుజువులు పోగేసి, ఫీజులు కట్టేసి, తర్వాత అర్హత చూసుకుంటున్నారు. వర్క్ పర్మిట్‌కు 155 డాలర్లు, ఓపెన్ పర్మిట్ అయినందుకు మరో 100, బయోమెట్రిక్స్‌కు 85. కెనడా డాలర్లలో మొత్తం 340. తిరస్కరిస్తే ఇందులో చాలావరకు పోయినట్టే.

కాపురం అంటే చట్టం ఏమనుకుంటోంది?

2002 జూన్ 28న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం, దాని నిబంధనలు కామన్ లా భాగస్వామికి ఓ నిర్వచనం ఇచ్చాయి. దాంపత్య బంధంలో కనీసం ఏడాది పాటు కలిసి నివసిస్తున్నవారు. అంతే. ఇందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి ఏడాది నివాసం. రెండోది దాంపత్యం. మనవాళ్లు మొదటిదాని వెంటే పరిగెడతారు. రెండోది ఫొటోలతో సరిపోతుందిలే అనుకుంటారు.

ఏడాది అంటే ఎడతెగని పన్నెండు నెలలు. ఆర్నెల్లు బెంగళూరులో, తర్వాత గ్యాప్, మళ్లీ ఆర్నెల్లు టొరంటోలో అంటే కుదరదు. శని, ఆదివారాల్లో కలిసి ఉండటం నివాసం కిందకు రాదు. పండక్కి ఊరెళ్లడం, ఆఫీసు పని మీద నెల రోజులు హైదరాబాద్‌లో ఉండటం, నాన్నకు బాగోలేక ఇంటికి పోవడం... ఇలాంటి చిన్న ఎడబాట్లను చట్టం పట్టించుకోదు. సామాను ఆ ఇంట్లోనే ఉండాలి, తిరిగి ఆ ఇంటికే రావాలి.

ఇక్కడ చాలామందికి తెలియని ఊరట ఒకటుంది. ఆ ఏడాది కెనడాలోనే గడవాలని లేదు. బెంగళూరులో గడిచినా, పుణెలో గడిచినా చెల్లుతుంది. ఏడాది నిండాక ఒకరు చదువుకు దేశం దాటి వెళ్తే బంధం తెగినట్టు కాదు. తిరిగి కలిసి ఉండే ఉద్దేశం ఉందని, మధ్యలో రాకపోకలు, మాటలు, డబ్బు సాయం సాగాయని చూపిస్తే సరిపోతుంది. మొదట చెప్పుకున్న జంటకు దారి ఉన్నది ఇక్కడే.

దాంపత్యం ఎలా తేలుస్తారు? దీనికి కోర్టులు ఎప్పుడో ఓ కొలత ఇచ్చాయి. 1980లో ఒంటారియోలో మొలొడోవిచ్, పెంటినెన్ కేసు విన్న జడ్జి ఏడు అంశాలు చూడమన్నారు. ఒకే కప్పు కింద ఉంటున్నారా? పడక సంబంధం, ఒకరిపట్ల ఒకరికి నిబద్ధత ఉన్నాయా? వంట, గిన్నెలు, బట్టలు, జబ్బు చేస్తే చూసుకోవడం వంటివి పంచుకుంటున్నారా? నలుగురిలోకి కలిసి వెళ్తున్నారా? చుట్టుపక్కలవాళ్లు వాళ్లని జంటగా చూస్తున్నారా? డబ్బు సర్దుబాట్లు ఎలా ఉన్నాయి? పిల్లల విషయం ఏమిటి? 1999లో కెనడా సుప్రీంకోర్టు కూడా ఈ కొలతనే అంగీకరించింది. అన్నీ ఉండి తీరాలని లేదనీ, ఒక్కో జంటలో ఒక్కోటి ఎక్కువ తక్కువగా ఉండొచ్చనీ చెప్పింది. ఇమిగ్రేషన్ అధికారులు నేటికీ ఈ దారిలోనే ఆలోచిస్తారు.

మన సుప్రీంకోర్టు కూడా దీనికి దగ్గరగానే వెళ్లింది. 2010లో వేలుసామి కేసులో, గృహహింస చట్టం కింద 'పెళ్లి లాంటి బంధం' అంటే ఏమిటో చెబుతూ, లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి, చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి అంది. ఇద్దరూ పెళ్లికి అర్హులై, అవివాహితులై ఉండాలని కూడా అంది. కెనడా ఆ చివరి షరతు పెట్టలేదు. ఆ తేడా ఎవరికి పనికొస్తుందో తర్వాత చూద్దాం.

ఆరుగురున్న బేస్‌మెంటులో జంట ఏది?

టొరంటో చుట్టుపక్కల మన పిల్లలు చాలామంది బేస్‌మెంటుల్లో ఉంటారు. నలుగురో ఆరుగురో కలిసి అద్దె పంచుకుంటారు. కాబట్టి ఒకే చిరునామా ఉన్నంత మాత్రాన అధికారి నమ్మడు. రూమ్మేట్లకూ అదే చిరునామా ఉంటుంది మరి! ఒకే గది అని లీజులో ఉందా? అద్దెలో ఇద్దరి వాటా ఒకే ఖాతా నుంచి వెళ్తోందా? కిరాణా, ఫోను బిల్లు, ఇన్సూరెన్సు ఎవరు కడుతున్నారు? ప్రమాదం జరిగితే కబురు చెయ్యాల్సిన వ్యక్తిగా ఆఫీసులో ఎవరి పేరు రాశారు? ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దరఖాస్తులో బాగా పలుకుతుంది. ఎందుకంటే ఆ పేరు రాసింది వీసా కోసం కాదు.

అసలు రుజువుల బలం అంతా ఇందులోనే ఉంది. దరఖాస్తు కోసం తయారు చేసిన కాగితం కన్నా, బతుకు గడుస్తుండగా దానంతటదే పుట్టిన కాగితానికి విలువ ఎక్కువ. దరఖాస్తుకు వారం ముందు తెరిచిన జాయింట్ అకౌంటును అధికారి వెంటనే పసిగడతాడు. అదే పద్నాలుగు నెలలుగా ప్రతి ఒకటో తారీకున అమ్మాయి ఖాతా నుంచి అబ్బాయి ఖాతాకు సగం అద్దె వెళ్తున్న స్టేట్‌మెంటు ఉంటే, జాయింట్ అకౌంటు లేకపోయినా ఆ వరుస మాట్లాడుతుంది.

ఇమిగ్రేషన్ శాఖ అడిగేవి పెద్ద వింతేమీ కావు. ఇద్దరి పేరుతో లీజు లేదా ఇంటి పత్రం, ఇద్దరి పేర్లతో కరెంటు, గ్యాసు, ఫోను బిల్లులు, ఒకే చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్సులు, బీమా పాలసీలు. వాటితో పాటు ఐఎంఎం 5409 అనే ప్రమాణ పత్రం ఉంటుంది. 'ఫలానా తేదీ నుంచి మేమిద్దరం దాంపత్య బంధంలో కలిసి ఉంటున్నాం' అని నోటరీ లాంటి అధీకృత అధికారి ముందు ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలి. ఉమ్మడి ఖాతాలు, ఉమ్మడి ఆస్తి, బీమాలో నామినీ వంటి ప్రశ్నలూ అందులోనే ఉంటాయి. తప్పుడు ప్రమాణం చేస్తే నేరం. ఈ పత్రం ఒక్కటి పెట్టి ఊరుకుంటే మాత్రం ఫలితం ఉండదు. అది మాట ఇవ్వడమే, రుజువు వేరే చూపాలి.

పదకొండు నెలల అగ్రిమెంటు తంటా

బెంగళూరు, చెన్నై, పుణెల్లో కాపురమున్న జంటలు ఎదుర్కొనే తంటా ఒకటి కెనడా అధికారికి ఎంత చెప్పినా అర్థం కాదు. మన దగ్గర అద్దె అగ్రిమెంట్లు పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయాలి కాబట్టి ఓనర్లు ఆ జోలికి పోరు. అక్కడ అడిగేది పన్నెండు నెలలు. ఇక్కడ రాసేది పదకొండు! ఒక్క అగ్రిమెంటుతో నెల తక్కువవుతుంది. రెన్యూవల్ కాగితం తప్పకుండా జత చేయాలి. చాలామంది ఓనర్లు రెన్యూవల్ నోటి మాటగా కానిచ్చేస్తారు. అలాంటప్పుడు అద్దె కట్టిన బ్యాంకు వివరాలు, ఓనరు రాసిచ్చే ఉత్తరం పెట్టాలి. పదకొండు నెలల అగ్రిమెంటు ఇక్కడ మామూలేనని దరఖాస్తుతో పెట్టే వివరణ లేఖలో ఒక ముక్క రాయడం మంచిది.

ఇంతకన్నా పెద్ద తంటా పేర్లది. పెళ్లి కాని జంటకు ఇల్లివ్వడానికి ఓనర్లు ఇష్టపడరు. అందుకే ఒకరి పేరు మీద అగ్రిమెంటు రాయించి, రెండో మనిషి 'వచ్చిపోతుంటారు' అంటారు. లేదా పెళ్లయిందని అబద్ధం చెబుతారు. ఆ ఓనరే రేపు 'ఈ భార్యాభర్తలు మా ఇంట్లో అద్దెకున్నారు' అని ఉత్తరం ఇచ్చాడనుకోండి. దరఖాస్తులో మాత్రం 'పెళ్లి కాలేదు' అని ఉంది. అధికారి ఎవరిని నమ్మాలి? ఉత్తరం పెట్టక తప్పని పరిస్థితి అయితే ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో దాచకుండా వివరించాలి. ఇలాంటి వివరణ ఇచ్చుకోవడం సిగ్గనుకుంటారు గానీ, ఆ సిగ్గు ఖరీదు చాలా ఎక్కువ.

మరి కాగితాలే లేనివాళ్లు ఏం చేయాలి? వెతికితే దొరుకుతాయి. రెండు పేర్ల మీద ఒకే చిరునామాకు నెలనెలా వచ్చిన ఆన్‌లైన్ ఆర్డర్ల బిల్లులు. ఒకే ఇంటికి వచ్చిన కొరియర్లు. అపార్ట్‌మెంటు గేటు యాప్‌లో నమోదైన పేర్లు. ఆసుపత్రి ఫారంలో 'తోడు వచ్చినవారు' అన్న గడి. కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు. ఇవి ఒక్కొక్కటీ బలహీనమే. పన్నెండు నెలలకు పన్నెండు వరుసగా పేర్చితే మాత్రం కంచె కట్టినట్టుంటుంది. ఇవాళ రాయించుకున్న నోటరీ 'లివ్ ఇన్ అగ్రిమెంటు' నిన్నటి ఏడాదికి సాక్ష్యం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన ఉత్తరం

జంటను చుట్టుపక్కలవాళ్లు ఎలా చూస్తున్నారన్నది కూడా ఆ ఏడు అంశాల్లో ఒకటి కదా. అందుకు స్నేహితులు, తోటి ఉద్యోగులు రాసిచ్చే ఉత్తరాలు పనికొస్తాయి. అక్కో, తమ్ముడో, అమ్మానాన్నలో 'మా అమ్మాయి, ఫలానా అబ్బాయి ఏడాదిగా కలిసి ఉంటున్నారు, మాకు తెలుసు' అని రాసిస్తే ఇంకా బరువు. అలాంటి ఉత్తరం ఉండి తీరాలని ఏ నిబంధనా లేదు. అది లేకుండా పర్మిట్లు రాకుండా ఉండవు. కానీ అదెందుకు లేదన్న ప్రశ్న అధికారి మనసులో మెదిలితే, దానికి జవాబు దరఖాస్తులో ఎక్కడో ఒకచోట ఉండాలి.

మన ఊళ్లలో ఆ ఉత్తరం అడగడమంటే ఇల్లు కదిలించడమే. సరిహద్దు జిల్లాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంకో బిగింపు కూడా ఉంటుంది. చుట్టూ వేరే భాష. సంబంధాలు కలుపుకునేది ఆ పది పదిహేను ఊళ్లలోని మనవాళ్లతోనే. ఒక ఇంటి మాట నాలుగు రోజుల్లో అన్ని ఇళ్లకూ చేరుతుంది. చెల్లి సంబంధం ఆగిపోతుందేమోనని అన్న నోరు మెదపడు. అందుకే పిల్లలు దాస్తారు. దాయడం తప్పని ఇక్కడెవరూ తేల్చలేరు. అయితే ఆ దాపరికం ఇంటి గడప దగ్గరే ఆగకుండా ఆధార్ కార్డు దాకా, బ్యాంకు దాకా, వీసా ఫారం దాకా పాకినప్పుడే ముప్పు. అమ్మకు చెప్పకపోవడం వేరు, ప్రభుత్వ ఫారంలో తప్పు రాయడం వేరు. పిల్లలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

'సింగిల్' అని రాస్తే అయిదేళ్లు

ఇమిగ్రేషన్ చట్టంలో 40వ సెక్షన్ అని ఒకటుంది. ముఖ్యమైన విషయాన్ని తప్పుగా చెప్పినా, దాచినా అయిదేళ్ల పాటు కెనడాలోకి అనర్హత. తెలియక చేశామన్న మాటకు అక్కడి కోర్టుల్లో చోటు చాలా ఇరుకు.

తేదీల లెక్క ఇక్కడే ప్రాణం పోస్తుంది లేదా తీస్తుంది. స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టిన నాటికి కలిసి ఉండటం మొదలై ఏడెనిమిది నెలలే అయ్యిందనుకోండి. అప్పటికి చట్టం దృష్టిలో కామన్ లా కాలేదు. 'సింగిల్' అని రాయడం నిజమే. తర్వాత ఏడాది నిండింది, ఇప్పుడు కామన్ లా అయ్యారు. గొడవ లేదు. అదే పద్నాలుగు నెలలు కలిసి ఉన్నాక 'సింగిల్' అని రాసి, ఇప్పుడు 'రెండేళ్ల కిందటి నుంచే కలిసి ఉన్నాం' అంటే రెండింటిలో ఒకటి అబద్ధమని తేలిపోతుంది. అలాంటప్పుడు ఏజెంట్లు ఇచ్చే సలహా తేదీ మార్చేయమని. అది ఇంకో అబద్ధం. పాత ఫారంలో తప్పు పడిందని ముందుగా తామే ఒప్పుకుని, కారణం రాసి, లాయరు సలహాతో సరిచేసుకోవడమే ఉన్నంతలో మంచి దారి.

శాశ్వత నివాసం దరఖాస్తులో దాస్తే దెబ్బ ఇంకా పెద్దది. భాగస్వామి ఉన్నట్టు చూపకుండా పీఆర్ తెచ్చుకుంటే, ఆ మనిషిని తర్వాత కుటుంబ సభ్యుడిగా స్పాన్సర్ చేయడానికి నిబంధనే అడ్డొస్తుంది. 2019లో కొందరికి సడలింపు ఇచ్చారు గానీ, దాన్ని నమ్ముకుని దాయడం పిచ్చితనం.

పన్ను కాగితాలు కూడా ఇదే పని చేస్తాయి. ఎడతెగకుండా పన్నెండు నెలలు కలిసి ఉంటే కెనడా పన్నుల శాఖ లెక్కలోనూ కామన్ లా అవుతారు. ఆ మార్పును మరుసటి నెల ఆఖరులోగా తెలియజేయాలి. అక్కడ ఇచ్చే జీఎస్టీ క్రెడిట్ వంటి సొమ్ము ఇద్దరి ఆదాయం కలిపి లెక్కేస్తారు. 'సింగిల్' అంటే నాలుగు డాలర్లు ఎక్కువొస్తాయని కొందరు అలాగే ఉంచేస్తారు. పన్నుల శాఖకు సింగిల్, ఇమిగ్రేషన్ శాఖకు జంట అంటే నడవదు. ఆ పన్ను నోటీసునే ఇమిగ్రేషన్ అధికారి రుజువుగా అడగొచ్చు.

పెళ్లి చేసుకుంటే పోదా?

ఇంత బాధ ఎందుకు, దండలు మార్చుకుంటే పోలేదా అని పెద్దలు అంటారు. కొందరికి అది సులువే. ఒంటారియోలో మ్యారేజ్ లైసెన్సు తీసుకుంటే 90 రోజుల్లోగా పెళ్లి చేసుకోవచ్చు, అక్కడ స్థిర నివాసం ఉండాలన్న షరతు లేదు. అయితే ఇద్దరూ ఒకచోట ఉండాలి. ఒకరు బరంపురంలో, ఒకరు టొరంటోలో ఉండి వీడియో కాల్‌లో తాళి కట్టిస్తే ఇమిగ్రేషన్‌కు చెల్లదు. 2015 జూన్ 11 నుంచి ఫోన్, ఇంటర్నెట్, ప్రతినిధి ద్వారా జరిగే పెళ్లిళ్లను ఆ లెక్కలోంచి తీసేశారు.

ఇక్కడే చేసుకుందామంటే, ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు గోడకు అంటిస్తారు. ఎవరికి తెలియకూడదో వాళ్లకే ముందు తెలుస్తుంది. గుళ్లో పెళ్లి చేసుకుంటే రిజిస్ట్రేషన్ చేయించాలి. 2006లో సుప్రీంకోర్టు అన్ని పెళ్లిళ్లూ రిజిస్టర్ చేయాలని చెప్పినా, గుడిలో ఇచ్చే రసీదుతోనే సరిపెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. కెనడా ఆ రసీదును పెళ్లి సర్టిఫికెట్‌గా తీసుకోదు. పెళ్లయిందన్నంత మాత్రాన నిజమైన బంధమేనా అన్న ప్రశ్న కూడా పోదు. వీసా కోసమే చేసుకున్న పెళ్లి అని అనుమానం వస్తే దాన్నీ కొట్టేస్తారు.

పెళ్లి దారే లేనివాళ్లూ ఉన్నారు. 2018లో స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో వారి పెళ్లికి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. కెనడా నిర్వచనంలో ఆడ, మగ అన్న మాటే లేదు. ఇక్కడ కలిసి బతుకుతున్న అలాంటి జంటకు కామన్ లా ఒక్కటే ఆధారం. కానీ అందరికన్నా ఎక్కువ దాచుకోవాల్సి వచ్చేది వాళ్లే. ఇద్దరమ్మాయిలకు ఇల్లు తేలిగ్గా దొరుకుతుంది, జాయింట్ అగ్రిమెంటు కూడా వస్తుంది. వాళ్లు స్నేహితులు కాదు, జంట అని చూపించే కాగితమే దొరకదు. ఇన్సూరెన్సు నామినీ, ఒకరి పేర ఒకరు రాసుకున్న వీలునామా, విషయం తెలిసిన నలుగురైదుగురి ఉత్తరాలు, ఏళ్ల తరబడి సాగిన మెసేజీలు... వాటితోనే నెగ్గుకు రావాలి.

విడాకుల కేసు నలుగుతున్నవాళ్ల సంగతి మరొకటి. కోర్టులో తీర్పు వచ్చేదాకా వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోలేరు. పాత పెళ్లి తెగిపోయిందని, కనీసం ఏడాదిగా ఆ మనిషికి దూరంగా ఉండి కొత్త భాగస్వామితో కాపురం చేస్తున్నారని రుజువైతే కెనడా వారిని కామన్ లా జంటగా చూడగలదు. వేలుసామి తీర్పులోని 'అవివాహితులై ఉండాలి' అన్న షరతుకు ఇక్కడే తేడా. విడాకుల పిటిషన్ కాపీ, వేరుగా ఉంటున్న తేదీ తెలిపే కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

కన్నడ సర్టిఫికెట్, తమిళ ఇనీషియల్

సరిహద్దు వాళ్లకు ప్రత్యేకమైన అవస్థ ఒకటుంది. తెలుగు మనిషే. పుట్టిన సర్టిఫికెట్ కన్నడంలో, స్కూలు టీసీ తమిళంలో, రేషన్ కార్డు ఒడియాలోనో మరాఠీలోనో. కెనడాకు ఇంగ్లిషు లేదా ఫ్రెంచి కావాలి. (యానాంలో తాతల నాటి ఫ్రెంచి కాగితాలకు తర్జుమా అక్కర్లేదు, కానీ మనవడి అద్దె అగ్రిమెంటుకు అవేం పనికొస్తాయి!) మిగతా భాషల కాగితాలకు ఇంగ్లిషు తర్జుమా, తర్జుమా చేసినవారి అఫిడవిట్, మూల ప్రతి నకలు మూడూ పెట్టాలి. తర్జుమా దరఖాస్తుదారు గానీ, ఇంట్లోవాళ్లు గానీ చేయకూడదు. ఇంగ్లిషు మాస్టారైనా సరే, బాబాయి చేస్తే చెల్లదు.

పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. తెలుగు ఇంట్లో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడు బడిలో అది పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. కర్ణాటకలో ఊరి పేరు చేరుతుంది. పాస్‌పోర్టులో అదంతా విప్పి రాస్తారు. దాంతో అగ్రిమెంటులో ఒక మనిషి, బ్యాంకులో ఒక మనిషి, పాస్‌పోర్టులో ఒక మనిషి కనిపిస్తారు. ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి జతచేయకపోతే పన్నెండు నెలల రుజువు ఇంకెవరిదో అయి కూర్చుంటుంది.

తిరస్కరిస్తే?

ఈ పర్మిట్‌పై అప్పీలుకు ట్రిబ్యునల్ లేదు. లోపం సరిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేదా ఫెడరల్ కోర్టుకు వెళ్లొచ్చు. నిర్ణయం కెనడాలో జరిగితే 15 రోజుల్లో, బయట జరిగితే 60 రోజుల్లో వెళ్లాలి. డబ్బు తీసుకుని కేసు నడిపే హక్కు కెనడా లాయర్లకు, క్యూబెక్ నోటరీలకు, 2021లో పని మొదలుపెట్టిన అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సున్నవారికే ఉంది. లైసెన్సు నంబరు అడిగితే నీళ్లు నమిలే ఏజెంటు, కావాలంటే పాత తేదీతో అగ్రిమెంటు కూడా చేయించిస్తానంటాడు. ఆ అగ్రిమెంటు పట్టుబడితే అయిదేళ్ల అనర్హత ఏజెంటుకు కాదు, సంతకం పెట్టినవారికే.

తిరస్కరణ ఉత్తరంలో కారణం చాలాసార్లు క్లుప్తంగానే ఉంటుంది. అధికారి అసలేం రాసుకున్నాడో తెలియాలంటే సమాచార హక్కు లాంటి చట్టం కెనడాలోనూ ఉంది. కెనడాలో ఉన్నవారు ఎవరైనా 5 డాలర్లు కట్టి ఫైలు నోట్సు అడగొచ్చు. హోసూరులోనో బళ్లారిలోనో ఉన్న భాగస్వామి సమ్మతి పత్రం మీద సంతకం చేసి పంపితే, అక్కడున్న మనిషే అతని ఫైలు తెప్పించవచ్చు. 'లీజులో ఒక్క పేరే ఉంది', 'నెలల మధ్య ఖాళీ ఉంది', 'పాత ఫారంలో సింగిల్' వంటి మాటలు అందులో ఉంటాయి. రెండో దరఖాస్తుకు ఏ కాగితం వెతకాలో అప్పుడు తెలుస్తుంది.